థర్మోస్టాట్ గోడ మీంచి పీకేసినా బాయిలర్ ఆగట్లేదు, పై గదిలో 28 డిగ్రీలు

నిద్రలేని_పక్షి
శనివారం, రాత్రి 11:12

అందరికీ నమస్కారం. విషయం ఏంటంటే మాది గ్యాస్‌తో నడిచే వేడినీళ్ళ బాయిలర్, బేస్‌మెంట్‌లో ఉంటుంది, అక్కడి నుంచి పైపుల్లో నీళ్ళు రేడియేటర్లకి వెళ్తాయి. మూడు జోన్లు: బేస్‌మెంట్ గది, కింది అంతస్తు, పై అంతస్తు. దేని థర్మోస్టాట్ దానికే. ఇవాళ సాయంత్రం నుంచి పై అంతస్తు వేడి ఆగట్లేదు. థర్మోస్టాట్‌లో 20 పెట్టాను, గది 28 చూపిస్తోంది. పిల్లలు దుప్పట్లు తన్నేసి పడుకున్నారు, బయట చూస్తే మంచు, లోపల మేము కిటికీ తెరిచి కూర్చున్నాం.

బ్యాటరీలు మార్చాను, లాభం లేదు. థర్మోస్టాట్ మొత్తం గోడ మీంచి పీకేశాను, అయినా రేడియేటర్లు కాలిపోతూనే ఉన్నాయి. బాయిలర్ మీద గేజీ 82 డిగ్రీలు, ప్రెజర్ 24 పీఎస్ఐ చూపిస్తోంది. మంట మధ్యమధ్యలో ఆరుతుంది, రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ అంటుకుంటుంది. మెట్ల దగ్గర ఉన్న ఎర్ర స్విచ్ కట్టేస్తే మొత్తం ఆగిపోతుంది, వేస్తే మళ్ళీ మొదలు. ఇప్పుడు కట్టేసే ఉంచాను కానీ రాత్రంతా ఇలా ఉంచితే పైపులు గడ్డకడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి?

ఒక్కదెబ్బ
శనివారం, రాత్రి 11:20

జోన్ వాల్వ్ బ్రో, ఆ అంతస్తుకి వేడినీళ్ళు వదిలేది. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఓపెన్‌లో ఇరుక్కుపోయింది. మోటారు మార్చేయ్, పావుగంట పని.

పాత_పానా
శనివారం, రాత్రి 11:41

కళ్ళు మూసుకుని చెప్పేవి చాలా ఉంటాయి, తెరిచి చూద్దాం.

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. స్విచ్ కట్టేశాక మంట నిజంగా ఆరిందా, లేక పంపు చప్పుడు ఆగింది కదా అని ఆరిందనుకున్నావా? కిందికి వెళ్ళి మంట కనిపించే చిన్న కిటికీలోంచి చూడు. కరెంటు లేనప్పుడు గ్యాస్ వాల్వ్ తనంతట తానే మూసుకోవాలి. స్విచ్ కట్టేసినా మంట కనిపిస్తోందంటే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి గ్యాస్ పైపు మీద ఉన్న కాక్ తిప్పెయ్. పిడి పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. ఆ తర్వాత మనం చేసేదేమీ లేదు, లైసెన్స్ ఉన్న మెకానిక్ రావాల్సిందే.

నిద్రలేని_పక్షి
శనివారం, రాత్రి 11:52

చూసొచ్చాను అన్నా. స్విచ్ కట్టగానే మంట ఠక్కున ఆరింది, లోపల చీకటి. మళ్ళీ వేస్తే అర నిమిషంలో అంటుకుంది.

పాత_పానా
ఆదివారం, తెల్లవారుజాము 12:10

బాగుంది, అంటే గ్యాస్ వాల్వ్ మాట వింటోంది. ఎవరో దానికి వెలుగు అని చెప్తున్నారు కాబట్టి వెలుగుతోంది. ఆ చెప్పేది ఎవరో కనుక్కోవడమే మన పని.

నువ్వు రాసినదాంట్లో ఇంకో మంచి సంగతి ఉంది. మంట మధ్యమధ్యలో ఆరుతోంది అన్నావు, గేజీ 82 దగ్గర. అంటే హై లిమిట్ పనిచేస్తోంది, నీళ్ళు ఆ హద్దు చేరగానే మంట కట్ చేస్తోంది, చల్లబడగానే మళ్ళీ వదుల్తోంది. దీన్ని చాలామంది బాయిలర్ ఆగుతోంది కదా అనుకుంటారు, కానీ కాదు, వేడి కావాలన్న పిలుపు అలాగే ఉంది, హద్దు ఒక్కటే మంటని ఆపుతోంది. ఈ లిమిట్ కూడా పోయి ఉంటే కథ వేరేగా ఉండేది. ప్రెజర్ 24 అంటే భయపడకు. 10 డిగ్రీల నీళ్ళు 82కి వెళ్తే పరిమాణం సుమారు 3 శాతం పెరుగుతుంది, ఆ పెరిగిన నీళ్ళకి చోటిచ్చేది ఎక్స్‌పాన్షన్ ట్యాంక్. చల్లగా ఉన్నప్పుడు 12 చూపించి వేడెక్కాక 24 అంటే ట్యాంక్‌లో గాలి కాస్త తగ్గి ఉండొచ్చు, అది తర్వాత చూసుకోవచ్చు. ప్రెజర్ మరీ పెరిగితే నీళ్ళు బయటికి వదిలేసేది రిలీఫ్ వాల్వ్, ఇళ్ళలో పెట్టేది మామూలుగా 30 దగ్గర తెరుచుకుంటుంది. దాని గొట్టం కింద నేల తడిగా ఉంటే మాత్రం చెప్పు.

ఇప్పుడు పరీక్ష. స్విచ్ కట్టి, బాయిలర్ మీదున్న కంట్రోల్ డబ్బా మూత తీస్తే టీ-టీ అని రెండు టెర్మినళ్ళు కనిపిస్తాయి, సన్నటి వైర్లు. ఆ డబ్బాలోనే పంపు కోసం ఇంటి కరెంటు కూడా ఉంటుంది, లావు వైర్ల జోలికి వెళ్ళకు. టీ-టీలో ఒక వైరు ఊడదీసి, దాని కొన ఎక్కడా తగలకుండా పక్కకి వంచి, స్విచ్ వెయ్యి. మంట రాకపోతే తప్పు బాయిలర్ బయట ఉంది. వస్తే బాయిలర్‌లోనే ఉంది.

రాత్రికి గడ్డకట్టడం గురించి: ఇల్లు 28 డిగ్రీల్లో ఉంది, తెల్లారేలోపు పైపులు గడ్డకట్టవు. కిటికీ మూసేసి పడుకో.

నిద్రలేని_పక్షి
ఆదివారం, ఉదయం 8:35

నిద్ర పట్టలేదు, పొద్దున్నే దిగాను. టీ-టీలో వైరు తీసేశాను, బాయిలర్ చచ్చినట్టు ఊరుకుంది. పది నిమిషాలు నిలబడి చూశాను. వైరు పెట్టగానే మళ్ళీ మొదలైంది.

కానీ ఒక విచిత్రం. మల్టీమీటర్ ఉంది కదా అని టీ-టీ రెంటి మీద పెట్టాను, ఏసీ వోల్టులు సున్నా. అసలు వోల్టేజే లేనప్పుడు పిలుపు ఎక్కడి నుంచి వస్తోంది? వైరు తీసేసినప్పుడు మాత్రం 25 చూపించింది, తలకిందులుగా ఉంది. మీటరే పాడైందా?

రాగితీగ
ఆదివారం, ఉదయం 9:02

మీటరు బానే ఉంది, చదివేది మనం తిరగేసి చదువుతాం. ఇక్కడ అందరూ మొదటిసారి బోల్తాపడేది దీనికే, నేనూ పడ్డాను.

టీ-టీ అనేది బల్బు కాదు, స్విచ్ పెట్టే చోటు. 24 వోల్టులు బాయిలర్ తన ట్రాన్స్‌ఫార్మర్ నుంచే ఇస్తుంది, మీరు ఆ రెండు కొసల్నీ కలిపితే కరెంటు తిరుగుతుంది. స్విచ్ తెరిచి ఉంటే ఆ ఖాళీ మీద పూర్తి వోల్టేజ్ నిలబడుతుంది, అందుకే 25. స్విచ్ మూసి ఉంటే రెండు కొసలూ ఒకటే అయిపోయాయి, రెండింటి మధ్య తేడా ఏముంటుంది? సున్నా. అంటే మీకు సున్నా వచ్చిందంటే పిలుపు లేదని కాదు, పిలుపు గట్టిగా ఉందని. మోటారు లాంటి కరెంటు తినే వస్తువు మీద పెడితే మాత్రం మామూలు లెక్కే, 24 ఉంటే పనిచేస్తోంది, సున్నా ఉంటే లేదు.

ఒక్కదెబ్బ
ఆదివారం, ఉదయం 9:10

నేను చెప్పాను కదా, జోన్ వాల్వ్. బాయిలర్ బయట అంటే అదే.

పాత_పానా
ఆదివారం, ఉదయం 10:25

వాల్వ్ కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని ఆడించేది కూడా బాయిలర్ బయటే ఉంది.

నీ ఇంట్లో వరస ఇలా ఉంటుంది తమ్ముడూ. థర్మోస్టాట్ చలి అనగానే 24 వోల్టులు ఆ జోన్ వాల్వ్ మోటారుకి వెళ్తాయి. మోటారు తిరిగి వాల్వ్ తెరుస్తుంది. పూర్తిగా తెరుచుకున్నాక ఆ మోటారు చేయి లోపల ఉన్న చిన్న మీటని నొక్కుతుంది, అదే ఎండ్ స్విచ్. ఆ ఎండ్ స్విచ్ వెళ్ళి టీ-టీని కలుపుతుంది, అప్పుడు బాయిలర్ వెలుగుతుంది. మూడు వాల్వ్‌ల ఎండ్ స్విచ్‌లూ పక్కపక్కనే కలిపి ఉంటాయి, ఏ ఒక్క స్విచ్ కలిసినా బాయిలర్‌కి చాలు.

ఇప్పుడు మూడు థర్మోస్టాట్లూ బాగా కిందికి దించెయ్, పది డిగ్రీలకి. ఐదు నిమిషాలు ఆగి వాల్వ్‌ల దగ్గరికి వెళ్ళు. ఒక్కో దాని పక్కన చేత్తో జరిపే చిన్న పిడి ఉంటుంది. దాన్ని మెల్లగా జరిపి చూడు. వాల్వ్ మూసి ఉంటే స్ప్రింగ్ ఎదురుతన్నుతుంది, వేలికి బిగువు తెలుస్తుంది. తెరిచి ఉంటే బిగువు ఉండదు, విరిగిన పన్నులా లొటలొటలాడుతుంది. ఏది లొటలొటలాడుతోందో దాని మోటారుకి వెళ్ళే రెండు వైర్ల మీద మీటరు పెట్టి వోల్టులు చూడు. నాలుగు వైర్లలో రెండు మోటారువి, రెండు ఎండ్ స్విచ్‌వి, చాలావాటిలో మోటారువి పసుపు, స్విచ్‌వి ఎరుపు, అయినా పైన అంటించిన బొమ్మ చూసుకో. మోటారు మీద సున్నా ఉండి వాల్వ్ తెరిచే ఉంటే అది ఇరుక్కుపోయింది, మార్చాలి. 24 ఉంటే వాల్వ్‌ది తప్పు కాదు.

ఏదైనా కొనేముందు ఆ అంకె చెప్పు.

వేడినీళ్ళు
ఆదివారం, మధ్యాహ్నం 12:48

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, మాదీ ఇలాంటిదే. ఎండాకాలంలో కూడా మా బాయిలర్ వేడిగానే ఉంటుంది, థర్మోస్టాట్ మొత్తం ఆఫ్ చేసినా రోజులో చాలాసార్లు అంటుకుంటుంది. గదులు మాత్రం వేడెక్కవు. ఇదీ ఎండ్ స్విచ్చేనా?

పాత_పానా
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఒక ప్రశ్న. మీ కుళాయిల్లోకి వేడినీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? విడిగా ట్యాంకు ఏమీ లేకుండా బాయిలర్ పక్కనున్న పలక లోంచి రెండు రాగి గొట్టాలు వస్తున్నాయా? అయితే లోపల కాయిల్ ఉంది, కుళాయి ఎప్పుడు తిప్పినా వేడినీళ్ళు కావాలి కాబట్టి బాయిలర్ తనంతట తాను వేడిగా ఉండాలి. దానికోసమే ఆక్వాస్టాట్‌లో, అంటే బాయిలర్ నీళ్ళ వేడిని అదుపు చేసే డబ్బాలో, హైతో పాటు లో అని ఇంకో డయల్ ఉంటుంది. అది జబ్బు కాదు, దాని పనే అది.

లో డయల్‌ని హై కంటే కనీసం పది, పదకొండు డిగ్రీల సెల్సియస్ తక్కువలో పెట్టాలి. ఎవరైనా రెండూ దగ్గర దగ్గరగా పెట్టేసి ఉంటే ఒకదాని మీద ఒకటి పడి గొడవ చేస్తాయి. అదొక్కటి చూసుకోండి. గదులు వేడెక్కట్లేదంటే పంపూ వాల్వ్‌లూ సరిగ్గానే ఉన్నట్టు.

వేడినీళ్ళు
ఆదివారం, మధ్యాహ్నం 1:32

అవునండి, రెండు రాగి గొట్టాలే! నాలుగేళ్ళుగా దీన్ని తిట్టుకుంటున్నాను.

మంచుకొండ
ఆదివారం, మధ్యాహ్నం 3:05

పాత_పానా గారు మొదట అడిగిన ప్రశ్న దగ్గరే నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది అదే. స్విచ్ కట్టినా మంట ఆరలేదు. అప్పటికి మాకు ఈ వేదికా తెలీదు, కాక్ అంటే ఏంటో కూడా తెలీదు. మా ఆయన బాయిలర్ డబ్బా మీద చేత్తో కొట్టడం మొదలుపెట్టారు, కొడితే వాల్వ్ పడుతుందని ఎవరో చెప్పారట. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కొడితే ఒకసారి మూసుకోవచ్చు, రెండోసారి మీరు నిద్రలో ఉన్నప్పుడు తెరుచుకోవచ్చు. గేజీ వంద దాటబోతోంది, రిలీఫ్ వాల్వ్ లోంచి బుసలు కొడుతూ ఆవిరి. అప్పుడు గ్యాస్ పైపు వెంట చూసుకుంటూ వెళ్ళి పసుపు పిడి అడ్డంగా తిప్పాను, మంట ఆరింది. అందరం బయటికి వచ్చేసి ఫోన్ చేశాం.

వచ్చిన మెకానిక్ వాల్వ్ మొత్తం మార్చారు. గ్యాస్ వాల్వ్‌ని విప్పి శుభ్రం చేసి పెట్టడం అనేది ఉండదని అప్పుడే చెప్పారు. వేడెక్కి నీళ్ళు తక్కువైన బాయిలర్‌లోకి చల్లటి నీళ్ళు వదలొద్దని కూడా గట్టిగా చెప్పారు, కాలిన ఇనుము పగిలిపోవచ్చు, ఆ నీళ్ళు ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీళ్ళు ఆవిరైతే మామూలు ఒత్తిడిలో దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతాయట. ఆ అంకె విన్నాక రిలీఫ్ వాల్వ్ అంటే నాకు భక్తి.

పక్షి గారూ, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? పడక గదుల దగ్గర ఉండాలి, బాయిలర్ గదిలో మాత్రమే కాదు.

నిద్రలేని_పక్షి
ఆదివారం, సాయంత్రం 5:40

అలారం ఉందండి, పై వరండాలో ఒకటి, కింద ఒకటి, రెండూ పరీక్ష బటన్ నొక్కితే కూస్తున్నాయి.

ఇక నా సంగతి. పాత_పానా అన్నా, మీరు అన్నట్టే ఆ మూడు పిడులూ జరిపి చూశాను. మొదటిదీ మూడోదీ బిగువుగా ఉన్నాయి. మధ్యది, పై అంతస్తుది, లొటలొట. విరిగిన పన్నులా అన్నారే, సరిగ్గా అలాగే. ఇక దొరికిపోయింది అనుకుని, ఒప్పుకుంటున్నాను, మీటరు పెట్టకుండానే వెళ్ళి మోటారు కొనుక్కొచ్చాను. పావుగంట కాదు, గంటన్నర పట్టింది, ఒక స్క్రూ బాయిలర్ వెనక పడిపోయింది. నీళ్ళు దించక్కర్లేదు, మోటారు తల ఒక్కటే ఊడి వస్తుంది, అదొక్కటే అదృష్టం.

కొత్తది పెట్టి స్విచ్ వేశాను. పది సెకన్లు గిర్రున తిరిగింది. తెరుచుకుంది. బాయిలర్ వెలిగింది.

పై థర్మోస్టాట్ ఆ టైమ్‌లో టేబుల్ మీద ఉంది, గోడకి కూడా లేదు.

ఒక్కదెబ్బ
ఆదివారం, సాయంత్రం 5:48

అయితే కొత్త మోటారు కూడా డిఫెక్ట్ పీస్ అయ్యుండొచ్చు బ్రో.

రాగితీగ
ఆదివారం, సాయంత్రం 5:55

అవును, దాంతో పాటు మూడోది కూడా డిఫెక్ట్ పీసే అయ్యుంటుంది. మీటరు పెట్టండి ముందు.

పాత_పానా
ఆదివారం, సాయంత్రం 6:20

తిట్టాలని వచ్చి నీ పోస్టు చదివాక నవ్వొచ్చింది, వదిలేశాను. ఆ స్క్రూ మాత్రం వెతికి తీసెయ్.

ఆ పసుపు వైర్ల మీద అంకె ఎంత?

నిద్రలేని_పక్షి
ఆదివారం, సాయంత్రం 6:44

26.

పాత_పానా
ఆదివారం, సాయంత్రం 7:02

వాల్వ్‌కి ఎవరో తెరుచుకో అని ఆజ్ఞ ఇస్తున్నారు, అది పాపం తెరుచుకుంది. పాత మోటారు కూడా అదే చేసింది. థర్మోస్టాట్ టేబుల్ మీద ఉంది కాబట్టి ఆజ్ఞ ఇచ్చేది అది కాదు. మిగిలింది ఇద్దరి మధ్య ఉన్న వైరు.

స్విచ్ కట్టి, వాల్వ్ దగ్గర పై అంతస్తు థర్మోస్టాట్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి విప్పు. ఇప్పుడు స్విచ్ వేస్తే వాల్వ్ తెరుచుకోకూడదు, పిడి బిగువుగా ఉండాలి. అది తేలాక మళ్ళీ స్విచ్ కట్టి, రెండో వైరు కూడా విప్పి, పైన గోడ దగ్గర కూడా రెండు కొసలూ విడిగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, కింద మీటరుని ఓముల మీద పెట్టి రెండు వైర్ల మధ్యా చూడు. మంచి వైరైతే ఓ.ఎల్ అని చూపించాలి, అంటే అసలు దారే లేదని. ఏదైనా అంకె వస్తే గోడ లోపల ఎక్కడో రెండు రాగి తీగలూ ముద్దు పెట్టుకుంటున్నాయి.

రాగితీగ
ఆదివారం, సాయంత్రం 7:15

ఓముల మీద పెట్టేటప్పుడు కరెంటు లేకుండా చూసుకోండి, లేకపోతే అంకెలు అబద్ధం చెప్తాయి, ఒక్కోసారి మీటరే పోతుంది.

ఇంకొకటి, వెనక చదివేవాళ్ళ కోసం. థర్మోస్టాట్ గోడకి ఉన్నప్పుడే బాయిలర్ ఆగకుండా, పీకేస్తే ఆగే కేసు వేరు. మాది అదే. వైఫై థర్మోస్టాట్ పెట్టాం, దానికి ఎప్పుడూ కరెంటు అందించే సీ వైరు లేదు. అలాంటివి బ్యాటరీ చార్జ్ చేసుకోవడానికి ఆ రెండు వైర్లలోంచే సన్నగా కరెంటు లాగుతాయి. కొన్ని రిలేలు, అంటే కరెంటుతో ఆడే స్విచ్‌లు, ఆ సన్నటి కరెంటుకే సగం లేచి జుయ్యిమంటూ వణుకుతాయి, పడిపోవాల్సినప్పుడు పడవు. రాత్రి నిశ్శబ్దంలో బేస్‌మెంట్‌లోంచి తుమ్మెద చప్పుడు వస్తుంటే నెలరోజులు దాన్ని వెతికాను. సీ వైరు లాగాక తుమ్మెద ఎగిరిపోయింది.

నిద్రలేని_పక్షి
ఆదివారం, రాత్రి 8:58

ఒక వైరు విప్పగానే వాల్వ్ మూసుకుంది, పిడి బిగుసుకుంది, బాయిలర్ ఆగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దం కూడా కొత్తగా ఉంది.

ఓములు: 1.1. మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.4 వస్తోంది.

పైన నుంచి కొలిస్తే 0.6. ఈ అంకెల్ని బట్టి షార్ట్ ఎక్కడుందో లెక్కగట్టొచ్చా?

రాగితీగ
ఆదివారం, రాత్రి 9:20

సూత్రప్రకారం గట్టొచ్చు. థర్మోస్టాట్‌కి వాడే 18 గేజ్ రాగి తీగ మీటరుకి సుమారు 0.021 ఓములు, పోయే తీగ, వచ్చే తీగ కలిపి మీటరు దూరానికి 0.042. పుల్లల 0.4 తీసేస్తే కింది నుంచి 0.7, పై నుంచి 0.2 మిగిలాయి. అంటే కింది నుంచి దాదాపు పదిహేడు మీటర్లు, పై నుంచి ఐదు. కానీ మామూలు మీటరు ఇంత చిన్న అంకెల్లో పాయింట్ ఒకటి అటూఇటూ ఊగుతుంది, పైగా షార్ట్ అయిన చోట తగిలీ తగలనట్టుంటే అక్కడా కాస్త ఓములు పోగవుతాయి. అందుకే మీటర్లు నమ్మకండి. పైవైపుకి దగ్గరలో ఉంది, అంతవరకు నమ్మండి.

పాత_పానా
ఆదివారం, రాత్రి 9:33

పైవైపు. థర్మోస్టాట్ వైరు సాధారణంగా గోడ లోపల నిలువుగా దిగుతుంది. ఆ గోడకి ఈమధ్య ఏమైనా తగిలించావా? మేకు, స్క్రూ, ఫోటో, ఏదైనా.

నిద్రలేని_పక్షి
ఆదివారం, రాత్రి 9:36

అయ్యో.

నిద్రలేని_పక్షి
ఆదివారం, రాత్రి 10:51

దొరికింది. పూర్తిగా రాస్తాను, ఇప్పుడు నిద్ర ఎలాగూ రాదు.

మూడు వారాల కింద థర్మోస్టాట్‌కి జానెడు కింద చెక్క అర ఒకటి బిగించాను, తాళాలూ అవీ పెట్టుకోవడానికి. నాలుగు స్క్రూలు. మీరు అడిగాక కూడా నాకు నమ్మకం కుదర్లేదు, మూడు వారాలు బానే ఉంది కదా, షార్ట్ అయితే అప్పుడే కావాలి కదా అనుకున్నాను. అప్పుడు మా ఆవిడ గుర్తుచేసింది, శనివారం మధ్యాహ్నం అర ఊగుతోందని నేనే స్క్రూడ్రైవర్ తెచ్చి నాలుగూ మళ్ళీ బిగించాను. సాయంత్రానికి ఇల్లు కొలిమి అయింది.

వైరు రెండు కొసలూ ఇంకా విడిగానే ఉన్నాయి. పైన కొసలకి మీటరు పుల్లలు మొసలి క్లిప్పులతో తగిలించి, చప్పుడు చేసే సెట్టింగ్‌లో పెట్టి నేల మీద ఉంచాను. బీఈఈఈప్ అని ఆగకుండా మోగుతోంది. పై ఎడమ స్క్రూ మొత్తం తీశాను, మోత ఆగలేదు. పై కుడి తీశాను, ఆగలేదు. కింది ఎడమ ఒక చుట్టు తిప్పాను, రెండు, మూడు, నాలుగో చుట్టు సగంలో మోత తెగింది. ఠక్. మళ్ళీ అర చుట్టు బిగిస్తే మోగింది. వదులు చేస్తే ఆగింది. పిల్లాడు లేచొచ్చి ఇదేం ఆట అన్నాడు, వాడికీ రెండుసార్లు తిప్పే చాన్స్ ఇచ్చాను.

స్క్రూ బయటికి తీసి దీపం కింద చూస్తే మర గీతల్లో తెల్ల ప్లాస్టిక్ తురుము, ఎర్ర ప్లాస్టిక్ తురుము, మధ్యలో రాగి మెరుపు వెంట్రుకంత.

మంచుకొండ
ఆదివారం, రాత్రి 11:04

ఆ స్క్రూని పారేయకండి, ఫ్రేమ్ కట్టించి అదే గోడకి తగిలించండి. మేకు మాత్రం పక్క గోడకి కొట్టుకోండి.

పాత_పానా
సోమవారం, ఉదయం 7:10

శభాష్. మోత తెగిన చోటు భలే పట్టావు.

పని ఇంకా అయిపోలేదు. స్క్రూ తీశాక ఓ.ఎల్ వచ్చింది కదా అని అదే వైరు మళ్ళీ కలిపేయకు. తోలు లేచిన రెండు తీగలు గోడ లోపల పక్కపక్కనే ఉన్నాయి, వేడికీ చలికీ చెక్క కదిలినప్పుడు మళ్ళీ తగులుతాయి, అప్పుడు నువ్వు ఊళ్ళో ఉండవు. ఆ వైరు తొడుగులో మొత్తం ఎన్ని తీగలున్నాయి?

నిద్రలేని_పక్షి
సోమవారం, ఉదయం 7:25

నాలుగు. ఎరుపు, తెలుపు వాడుకలో ఉన్నాయి. ఆకుపచ్చ, నీలం రెండు చివరలా చుట్టచుట్టి వదిలేశారు.

పాత_పానా
సోమవారం, ఉదయం 7:41

ఆకుపచ్చకీ నీలానికీ మధ్య, వాటికీ మిగతా రెంటికీ మధ్య ఓములు చూడు. అన్నిటికీ ఓ.ఎల్ వస్తే ప్రస్తుతానికి ఆ జతకి మార్చు, రెండు చివరలా, ఏది దేని బదులు పెట్టావో కాగితం మీద రాసి బాయిలర్ మూత లోపల అంటించు. తర్వాత వచ్చే మెకానిక్ నీకు దణ్ణం పెడతాడు. పాత జత కొసలు విడివిడిగా టేపు చుట్టు.

తీరికున్నప్పుడు కొత్త వైరు లాగు. పాతదాని కొసకి కొత్తది కట్టి టేపు చుట్టి ఒకరు పైనుంచి లాగుతూ ఒకరు కిందినుంచి అందిస్తే, గోడలో ఎక్కడా క్లిప్పు కొట్టకపోతే వచ్చేస్తుంది. గట్టిగా పట్టేస్తే తెంపొద్దు, ఆపెయ్.

వేడినీళ్ళు
సోమవారం, ఉదయం 8:15

ఇంకో చిన్న అనుమానం, నాదే. మంట ఆరిపోయాక కూడా మా పంపు మూడు నాలుగు నిమిషాలు తిరుగుతుంది. ఈ చర్చ చదివాక అదీ అనుమానంగా ఉంది.

రాగితీగ
సోమవారం, ఉదయం 8:22

తిరగనివ్వండి. బాయిలర్‌లో మిగిలిన వేడిని గదుల్లోకి తోసేసి ఆగుతుంది, చాలా బాయిలర్లలో కావాలనే అలా పెడతారు. గంటల తరబడి తిరిగితే, లేదా థర్మోస్టాట్లన్నీ దించినా ఆగకపోతే అప్పుడు రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయేమో చూడాలి.

నిద్రలేని_పక్షి
మంగళవారం, రాత్రి 9:30

అప్‌డేట్. ఆకుపచ్చ, నీలం అన్నిటితో ఓ.ఎల్. నిన్న సాయంత్రం మార్చాను. థర్మోస్టాట్ 20లో పెట్టాను, గది 20 దగ్గర ఆగింది, పై వాల్వ్ మూసుకుని పిడి బిగుసుకుంటోంది, తెరుచుకున్నప్పుడు లొటలొటలాడుతోంది. రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి పిడి జరిపి చూశాను, ఇప్పుడు అదొక అలవాటైంది. ప్రెజర్ చల్లగా ఉన్నప్పుడు 12, వేడికి 23. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ గురించి వేరే చర్చ మొదలుపెడతాను.

పాత మోటారు మూడోదాని మీద పెట్టి పరీక్షించాను, గడియారంలా పనిచేస్తోంది. తుడిచి డబ్బాలో పెట్టి స్పేర్ అని రాసి ఉంచాను.

ఒక్కదెబ్బ
మంగళవారం, రాత్రి 9:37

చూశావా బ్రో, స్పేర్ ఒకటి ఉండడం మంచిదే కదా.

పాత_పానా
మంగళవారం, రాత్రి 9:52

బాయిలర్ వెనక పడ్డ స్క్రూ తీశావా?

నిద్రలేని_పక్షి
మంగళవారం, రాత్రి 10:03

ఇంకా లేదన్నా. అయస్కాంతం కట్టిన కర్ర తయారవుతోంది.